18వ నంబరు పెట్టెలో ఉన్నవి వాడిన కాగితాలు కావు

హనుమకొండ,
8 సెప్టెంబరు 2025.

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: స్టట్‌గార్ట్ నుంచి హనుమకొండకు పంపిన ఇంటి సామానులో 18వ నంబరు పెట్టె అందకపోవడం, మీరు ఇవ్వజూపిన 1,900 రూపాయలను నేను తిరస్కరించడం గురించి.

అయ్యా,

గత ఏప్రిల్‌లో మీ మనుషులు స్టట్‌గార్ట్‌లోని మా ఇంటికి వచ్చి 22 పెట్టెలు సర్ది, సీలు వేసి తీసుకువెళ్లారు. హాంబర్గ్ రేవులో ఓడ ఎక్కి, ముంబై దగ్గరి నవా షేవాలో దిగి, సనత్‌నగర్ కంటైనర్ డిపో మీదుగా లారీలో జూలై 12న మా ఇంటికి చేరినవి 21. వాటిలో ఒక్క పింగాణీ పళ్లెం కూడా బీటలు వారలేదు. అంత జాగ్రత్తగా సర్దినవారికి నా కృతజ్ఞతలు తెలియజేయండి. రాని పెట్టె సంగతి అప్పుడే డెలివరీ రసీదు మీద రాశాను. లారీతో వచ్చిన మీ ఉద్యోగి దాని కింద సంతకం చేశారు. ఆ రసీదు నకలు ఈ లేఖతో పంపుతున్నాను.

ఆ తరువాత ఎనిమిది వారాల్లో మీ కార్యాలయానికి పదకొండుసార్లు ఫోను చేశాను. వెతుకుతున్నాం అన్నారే తప్ప ఎక్కడ వెతుకుతున్నారో ఒక్కరూ చెప్పలేదు. చివరికి సెప్టెంబరు 3న మీ ఉత్తరం వచ్చింది. పెట్టె బరువు 19 కిలోలు, కిలోకు 100 రూపాయలు, మొత్తం 1,900. ఇకపై ఏ హక్కూ కోరనని సంతకం చేస్తే చెక్కు పంపుతారట. పెట్టెలోని సరుకు 'వాడిన కాగితాలు, బొమ్మలు' కనుక దానికి వాణిజ్య విలువ లేదని కూడా రాశారు.

ఆ రెండు మాటలు నావి కావు. సర్దే రోజు సామాను జాబితాలో ఆ పెట్టె నంబరు ఎదురుగా 'నోటు పుస్తకాలు, పటాలు, పాచికలు, వెల కట్టలేను' అని రాశాను. వెల లేకపోతే ఫారం ముందుకు కదలదని మీ సర్వేయర్ నా మాట కొట్టివేసి తన మాట రాసుకున్నారు. నా దగ్గరున్న కార్బన్ కాపీలో కొట్టివేత స్పష్టంగా కనిపిస్తోంది.

ఆ పెట్టెలో ఏముందో చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్లక తప్పదు. 1991లో నేను ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతుండగా, హాస్టల్లో నా గదిలోని మిత్రుడికి వాళ్ల అన్నయ్య అమెరికా నుంచి ఒక ఎర్ర డబ్బా పంపించారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి తయారుచేసిన ఈ ఆటను 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి ప్రచురించారు. మా చేతికి వచ్చినది 1983 నాటి డబ్బా. అందులో రెండు సన్నని పుస్తకాలు, ఆరు పాచికలు, ఒక క్రేయాన్ ఉన్నాయి. పాచికల మీద అంకెలు చెక్కి ఉండేవి కానీ వాటికి రంగు ఉండేది కాదు. ఆ క్రేయాన్‌తో రుద్ది మనమే అంకెలు కనిపించేలా చేసుకోవాలి. గవ్వలతో అష్టాచెమ్మా ఆడి పెరిగిన మేము ఇరవై ముఖాల పాచికను మొదటిసారి చూసింది అప్పుడే. పుస్తకాలను హనుమకొండ చౌరస్తాలో జిరాక్స్ తీయించి, నలుగురం పరీక్షల ముందు రాత్రి కూడా ఆడాం.

ఫోనులో మీ ఉద్యోగిని ఒకరు దీన్ని పిల్లల ఆట సామాను అన్నారు. ఆమెను తప్పుపట్టను, ఎవరూ చెప్పి ఉండరు. ఈ ఆటలో బల్ల చుట్టూ కూర్చున్నవారు ఒక్కొక్కరు ఒక పాత్ర అవుతారు. ఒకరు కథ నడుపుతారు. మన ఒగ్గు కథలో చెప్పేవారు చెబుతారు, మనం వింటాం. ఇక్కడ వినేవారే నాయకుడు ఏ దారిన వెళ్లాలో తేలుస్తారు, ఆ ప్రయత్నం ఫలిస్తుందో లేదో పాచిక తేలుస్తుంది. గెలుపు ఓటములు ఉండవు, కథ సాగుతూనే ఉంటుంది. మా కథ ముప్పై నాలుగేళ్లుగా సాగుతోంది.

1996లో ఉద్యోగం కోసం మస్కట్ వెళ్లాను. అప్పట్లో ఒమన్‌లో గురు, శుక్రవారాలు సెలవు కనుక బుధవారం రాత్రుళ్లు ఆడేవాళ్లం. ఒక మలయాళీ ఇంజినీరు, ఒక సూడాన్ అకౌంటెంటు, స్కాట్లండ్ నుంచి వచ్చిన దంపతులు, నేను. 2000లో ఈ ఆట మూడవ ఎడిషన్ వెలువడిన ఏడాది టొరంటో చేరాను. మంచు కాలంలో పరిచయస్తులెవరూ లేని ఊళ్లో నాకు దొరికిన మొదటి స్నేహితులు ఆ బల్ల దగ్గరే దొరికారు. 2008 నుంచి స్టట్‌గార్ట్. జర్మన్లకు 1984 నుంచి తమదే అయిన ఆట ఒకటుంది, దాస్ ష్వార్త్సె ఆవుగె. అందులో ఏ నైపుణ్యం పరీక్షకు నిలిచినా ఇరవై ముఖాల పాచికలు మూడు వేసి పాత్రకున్న మూడు గుణాలతో సరిచూడాలి. నాకు జర్మన్ భాష పట్టుబడింది తరగతి గదిలో కాదు, ఆ లెక్కలు గట్టిగా చెప్పుకుంటూ.

ఇన్ని దేశాల్లోనూ నేను నడిపిన కథాలోకం ఒక్కటే. ఓరుగల్లు కోటకు ఏడు ప్రాకారాలు ఉండేవని మా తాత చెప్పిన మాట పట్టుకుని, హాస్టల్లో గీసిన ఏడు ప్రాకారాల రాజ్యం. మస్కట్ మిత్రులు దానికి రేవు పట్టణాలు చేర్చారు, టొరంటో వాళ్లు ఉత్తరాన గడ్డకట్టిన సరస్సులు చేర్చారు. ఎవరి పాత్ర ఏ యుద్ధంలో మరణించింది, ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చి తప్పారు, అంతా 31 పొడుగు నోటు పుస్తకాల్లో రాసి ఉంది. తెలుగులోనే రాశాను. ఎదురుగా కూర్చున్నవారికి రాబోయే మలుపు ముందే కనబడకూడదు, వారెవరికీ మన లిపి రాదు. ఆ తెలుగు రాతే ఇప్పుడు నాకు భయం కలిగిస్తోంది. ఏ గోదాములోనైనా ఆ పెట్టె విప్పినవారు పాత చిత్తు కాగితాలని పక్కన పడేసి ఉంటారేమో.

అచ్చు పుస్తకాల గురించి నేను అడగడం లేదు. అవి మళ్లీ కొనుక్కోగలను, వాటి ధర మీరు ఇవ్వక్కరలేదు. నాకు కావలసింది వెతుకులాట. నాది ఉమ్మడి కంటైనర్ అని మీ పత్రాల్లోనే ఉంది. అంటే అందులో ఇతర కుటుంబాల సామాను కూడా వచ్చింది. నా పెట్టె వారిలో ఎవరి ఇంటి అటక మీదనో ఉండవచ్చు. వారి వివరాలు నాకు చెప్పనవసరం లేదు, మీరే వారికి ఫోను చేసి అడగండి. కంటైనర్‌ను ఎక్కడ తెరిచారు, అప్పుడు ఎన్ని పెట్టెలు లెక్కకు వచ్చాయి, ఎవరు సంతకం చేశారు అన్న కాగితాల నకళ్లు నాకు పంపండి. ఆ రెండు మాటలను జాబితా నుంచి తొలగించి, నేను రాసినది తిరిగి చేర్చండి. చెక్కు పంపకండి, నేను సంతకం చేయను.

సెప్టెంబరు 23 లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం గురించి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. నేను నివసించే జిల్లాలోనే దాఖలు చేసే హక్కు ఆ చట్టం నాకు ఇచ్చింది, గడువు రెండేళ్లు ఉంది. అక్కడిదాకా వెళ్లాలని నాకు లేదు. మస్కట్ నాటి ముగ్గురు మిత్రులు ఈ దసరాకు మా ఇంటికి వస్తున్నారు. పదమూడేళ్ల కిందట 27వ నోటు పుస్తకంలో ఆపిన ఘట్టం నుంచి ఆట మొదలుపెడదామని అనుకున్నాం.

వెతికేవారికి గుర్తులు చెబుతాను. మందపాటి గోధుమ రంగు అట్టపెట్టె, రెండు పక్కలా ఎర్ర సిరాతో 18 అంకె, పైన తెలుగులో 'హనుమకొండ' అని నల్ల అక్షరాలు. లోపల పుస్తకాల మీద నీలం రంగు బిస్కెట్ డబ్బా ఉంటుంది. పెట్టెను కాస్త కదిపితే అందులోని పాచికలు గలగలమంటాయి. ఆ చప్పుడు వినబడితే పెట్టె విప్పకుండా నాకు ఫోను చేయండి. సనత్‌నగర్ అయినా, ముంబై అయినా నేనే వచ్చి తీసుకువెళతాను.

భవదీయుడు,
18వ నంబరు పెట్టె యజమాని