నాన్న చెప్పులు వదులు చేసిన పెద్దాయనకి

అందరికీ నమస్కారమండి. నాన్నని నిన్న సాయంత్రం డిశ్చార్జ్ చేశారు, 11 రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే ఏమనుకోవద్దు, కానీ ఇది ఇవాళే రాయాలి.

మూడు నెలల నుంచి నాన్న కాళ్ళు వాస్తుంటే రోజంతా నిలబడే పని కదా అందుకేలే అనుకున్నాం. మొదట్లో పొద్దున్నకి తగ్గేది, తర్వాత తగ్గడం మానేసింది, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి అరిచేవాడు. చివరికి లివర్ సిరోసిస్, అంటే లివర్ గట్టిపడిపోయే జబ్బు అన్నారు. జన్మలో మందు ముట్టని మనిషి అండి, షుగరూ ఫ్యాటీ లివరూ కలిసి ఇంతదాకా తెచ్చాయి. ఆల్బుమిన్ అని రక్తంలో ఉండే ప్రోటీన్ కనీసం 3.5 ఉండాల్సింది 2.1 ఉంది, అది తగ్గితే రక్తనాళాల్లో నీరు నిలవక బయటికి ఊరి కాళ్ళల్లోకి దిగుద్దంట, పైగా లివర్ గట్టిపడితే ఒంట్లో ఉప్పూ నీరూ బయటికి పోవంట.

కొత్తపేటలో స్కానింగ్ కోసం రోడ్డు దాటిస్తున్నా, వాపుకి చెప్పులు పట్టక నాన్న ఉత్తకాళ్ళతో, రోహిణి కార్తె ఎండ. చెప్పులు కుట్టే పెద్దాయన చూసి "ఇటు రా అన్నా, కాళ్ళు కాలతాయి" అని తన గోనెసంచి మీద కూర్చోబెట్టాడు. నాన్న మొహమాటంతో వెనక్కి లాక్కుంటున్నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని, పాత పట్టీలు కోసేసి పొడుగువి వేసి, లోపల మెత్తటి గుడ్డ పెట్టి కుట్టాడు, "చర్మం పల్చబడింది, కుట్టు రాసుకుంటే పుండు పడుద్ది" అని. వంద ఇస్తే తీసుకోలా. "వాపు దిగాక బిగించాలిగా తల్లీ, అప్పుడు ఇద్దువుగానిలే" అన్నాడు.

దిగితే అనలేదండి, దిగాక అన్నాడు. ఆ మాట అప్పటిదాకా మాతో ఎవ్వరూ అనలా. రోడ్డు మీదే ఏడ్చేశా.

అమ్మ, తమ్ముడు, బాబాయి వాళ్ళు ఎలాగూ ఉన్నారు. కానీ ఆ కాళ్ళతో మనిషిని ఎందుకు నడిపించాలి చెప్పండి? ఆస్పత్రిలో వీల్‌చైర్లు రెండే, ఒకదానికి చక్రం లేదు. కార్డు అప్రూవల్‌కి రెండ్రోజులు, ఆల్బుమిన్ బాటిల్ స్టాక్ లేదు బయట తెచ్చుకోమన్నారు, వేలల్లో ఉంది, లేనోళ్ళు ఏం చేయాలి?

నీరు పోయే మాత్రలు, ఉప్పు లేని తిండి, 5 కిలోలు తగ్గాడు. ఇవాళ ఆ చెప్పులు వదులయ్యాయి, రేపు బిగించుకోడానికి వెళ్తున్నాం.

అయ్యో, పక్క బెడ్ తెనాలి పిన్నిగారు రోజూ చప్పటి పప్పు పంచి పెట్టారు, ఆవిడకీ థాంక్స్. నైట్ డ్యూటీ సిస్టర్‌కి కూడా. ఆల్బుమిన్ కోసం విజయవాడ దాకా బండి మీద వెళ్ళొచ్చిన మెడికల్ షాపు అబ్బాయి, నీ పేరు కూడా అడగలేదు తమ్ముడూ, సారీ.