సూర్యుడి వెంట తిరిగే ప్యానెళ్లు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. మేడ మీద సోలార్ పెట్టిస్తున్నావని సంతోషించేలోపే, "పొద్దుతిరుగుడు పువ్వులా సూర్యుడి వెంట తిరిగే స్టాండ్ ఉంటుందట, అది వేయించనా?" అని మెలిక పెట్టావు. ముందే చెప్పేస్తున్నా, వద్దు. ఎందుకో తాపీగా చదువు.

ముందు ఆ పువ్వు సంగతి. పొద్దుతిరుగుడు లేతగా ఉన్నంతకాలమే పొద్దు వెంట తిరుగుతుంది. పూర్తిగా విచ్చుకున్నాక తూర్పుకు మొహం పెట్టి ఉండిపోతుంది. మన ఈడు వాళ్లలాగే, ఇక కదలదు!

నువ్వు విన్నది అబద్ధమేం కాదు. ఎండ ప్యానెల్ మీద నిటారుగా పడితే పూర్తిగా అందుతుంది, అక్కణ్ణించి 60 డిగ్రీలు వాలితే నేరుగా వచ్చే ఎండలో సగమే దక్కుతుంది. సూర్యుడేమో గంటకు 15 డిగ్రీలు జరిగిపోతుంటాడు. కదలని ప్యానెల్‌కి మధ్యాహ్నం పండగ, పొద్దునా సాయంత్రం పస్తు. అందుకే పెద్ద ప్లాంట్లలో ఉత్తర దక్షిణాలుగా పొడవాటి ఇనుప గొట్టం వేసి, దాని మీద ప్యానెళ్లు వరసగా బిగించి, మోటారుతో తూర్పు నుంచి పడమరకు తిప్పుతారు. ఎండ బాగా కాసే చోట 15 నుంచి 25 శాతం దాకా కరెంటు ఎక్కువొస్తుంది. అటూ ఇటూ, పైకీ కిందికీ కూడా తిరిగేవైతే ఇంకా ఎక్కువే, కానీ వాటి బరువూ రిపేర్లూ ఎవరు మోస్తారు?

ఇందులో ఒక తమాషా ఉంది. తెల్లవారుతూనే ప్యానెళ్లన్నీ సూర్యుడికి ఎదురుగా లేచి నిలబడితే, ముందు వరస నీడ వెనక వరస మీద పడుతుంది. ప్యానెల్ లోపలి సెల్స్ గొలుసులా ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి, చిన్న నీడ పట్టీ కూడా పెద్ద నష్టం చేస్తుంది. అందుకని ఆ వేళ కావాలనే కాస్త వెనక్కి వాలుస్తారు. సూర్యుణ్ణి పట్టుకోవడానికి పెట్టిన యంత్రం సూర్యుడి నుంచి మొహం తిప్పుకుంటుందన్నమాట! దీన్నే బ్యాక్‌ట్రాకింగ్ అంటారు.

నేనూ ఒకటి చేశాన్రా, నవ్వకు. రెండు లైట్ సెన్సార్లు పక్కపక్కన పెట్టి, మధ్యలో అట్టముక్క అడ్డం నిలబెట్టాను. ఒకదాని మీద నీడ పడితే మోటారు వెలుగున్న వైపు తిరుగుతుంది, రెండూ సమానమైతే ఆగుతుంది. మొదటి రోజు ముచ్చటగా నడిచింది. మర్నాడు మబ్బులు. ప్రతి మబ్బుకీ అటూ ఇటూ ఊగి ఊగి, చివరికి ఎదురింటి తెల్లగోడే సూర్యుడనుకుని అక్కడే ఆగిపోయింది. పెద్ద ప్లాంట్లలో తేదీ, టైము, అక్షాంశ రేఖాంశాలు చూసి సూర్యుడెక్కడుంటాడో లెక్కగడతారు. బాగా మబ్బు పట్టిన రోజు చదునుగా ఉంచడమే మేలు, వెలుగు ఆకాశమంతటి నుంచీ వస్తుంది కాబట్టి.

ఇక నీ మేడ. తిరిగేదానికి చుట్టూ ఖాళీ కావాలి. గాలి వీస్తే అది తెరచాపే, ఆ ఊపు స్లాబు మీదికే వస్తుంది. పైగా బేరింగులు, మోటారు, గ్రీజు. ఆ డబ్బుతో రెండు ప్యానెళ్లు ఎక్కువ వేయించుకో. మరీ కోరికైతే వాలు మార్చుకునే స్టాండ్ తీసుకుని, చలికాలం కాస్త ఎక్కువ ఏటవాలుగా, వేసవిలో చదునుగా చేత్తో మార్చుకో. లాభం కొద్దిగానే, ఖర్చు మాత్రం రెండు స్పానర్లు.

ముందు మధ్యాహ్నం మూడింటికి మేడెక్కి, నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడిదాకా వస్తోందో సుద్దముక్కతో గీసి చూడు. అది నాకు రాసి పంపు, తర్వాత మాట్లాడదాం.

నీ
వాసు