అవార్డు వచ్చింది, పుస్తకం ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

మామూలుగా డిసెంబరు వచ్చేసరికి సాహిత్య అకాడమీ అవార్డులు ప్రకటిస్తారు, మర్నాడు పేపర్లో రచయిత ఫొటో పడుతుంది, పదకొండు గంటలకల్లా ఎవరో ఒకరు ఆ కటింగ్ పట్టుకుని నా కొట్టుకి వస్తారు. నా దగ్గర పుస్తకం ఉండదు. ఇరవై ఏళ్లుగా పుస్తకాలు అమ్ముతున్నాను, ఒకటి రెండు సార్లు తప్ప ఎప్పుడూ ఇదే తంతు.

నిబంధన చూస్తే కారణం తెలుస్తుంది. 2024 అవార్డుకి 2018 జనవరి నుంచి 2022 డిసెంబరు దాకా వచ్చిన పుస్తకాలనే లెక్కలోకి తీసుకున్నారు. అంటే ప్రకటన నాటికి అందులో బాగా కొత్తదానికి కూడా రెండేళ్లు నిండినట్టే. తెలుగులో కథలైనా కవిత్వమైనా ఎక్కువగా వేసేది ఐదొందల కాపీలు, మహా అయితే వెయ్యి, అదీ చాలామంది సొంత డబ్బు పెట్టుకుని. ఆవిష్కరణ సభలో కొన్ని, సమీక్షలకీ స్నేహితులకీ కొన్ని, మా బోటివాళ్లకి పదో ఇరవయ్యో పోగా మిగిలినవి అటకెక్కుతాయి. మేమూ ఆర్నెల్లు చూసి కదలనివి వెనక్కి పంపేస్తాం (ర్యాకుల్లో చోటు కావాలి మరి, అంతవరకు తప్పు మాదే).

ఒక ఏడాది అవార్డు వచ్చిన రచయితకే ఫోన్ చేశాను. అభినందనలు చెప్పి కాపీలు అడిగితే పాపం ఆయన, "ఇంట్లో పదకొండున్నాయండీ, మూడింటికి చెదలు పట్టింది" అన్నారు. పంపిన ఎనిమిదీ మధ్యాహ్నానికే అయిపోయాయి. రెండో ముద్రణ వచ్చేసరికి మార్చి దాటింది. పేర్లు రాసిపెట్టుకున్న యాభై మందికీ ఫోన్ చేస్తే వచ్చి తీసుకున్నది తొమ్మిది మంది!

అదే ఇంగ్లీషు నవలలకిచ్చే బుకర్ ప్రైజుకైతే ముందు పన్నెండో పదమూడో పుస్తకాల జాబితా, తర్వాత ఆరింటిది, ఆ తర్వాతే విజేత. ఇంగ్లీషు పుస్తకాలు అమ్మే మిత్రులు ఆరు పేర్లు తెలియగానే ఆర్డర్లు పెట్టేస్తారు, గెలవనివి కూడా అమ్ముడుపోతాయి. ఏది గెలుస్తుందని పాఠకులు వాదించుకోవడంలోనే సగం బేరం ఉంది. మనకేమో ముగ్గురు జ్యూరీ సభ్యులు కూర్చుని తేల్చేదాకా బరిలో ఏమున్నాయో తెలియదు.

అవార్డు విలువ నాకు తెలియక కాదు. 1955లో తెలుగుకి మొదటి అవార్డు తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ని ఇవాళ్టికీ అడిగి కొనేవాళ్లున్నారు. రచయితకి లక్ష రూపాయలూ తామ్రఫలకమూ ఇస్తున్నారు, సంతోషం. అవార్డు పుస్తకాలను మిగతా భాషల్లోకి అనువాదం చేయిస్తున్నారు, అదీ బాగుంది, కానీ రాసిన భాషలో ముందు దొరకాలి కదా.

తుది జాబితాని నెల ముందు, నవంబరులోనే బయటపెట్టమని అకాడమీని కోరుతున్నాను. అందులో ఉన్న పుస్తకాలను ఒక ఐదొందలు మళ్లీ అచ్చు వేసుకోవడానికి పబ్లిషర్‌కి పదిహేను, ఇరవై రోజులు చాలు, అమ్మే సంగతి మేం చూసుకుంటాం.

- ఓ పుస్తకాల కొట్టు యజమాని