ఈ నెల ఆదివారాలు పోర్కు సగమే ఉంటుంది

మన గుంటూరు కొట్లో ఎప్పుడూ తీసుకునే అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ నెల సరుకు సగమే వస్తుంది, కిలో మీద 20 రూపాయలు పెరిగింది. కారణం ఇంకొకరి నోట వినేకంటే నేనే చెబుతున్నా.

మా ఫారంలో ఎదిగే పందుల దాణాలో అయిదో వంతు కొబ్బరి చెక్క. నూనె తీశాక మిగిలేది, అంబాజీపేట వైపు నుంచి వస్తుంది. మాంసకృత్తులు 20 శాతం దాకా ఉంటాయి గానీ, పంది ఎదగడానికి కావలసిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పీచు ఎక్కువ. అందుకే సోయా చెక్క, మొక్కజొన్న తోడు పడాలి.

మొన్న దిగిన లోడు బస్తా విప్పితే ముక్కిపోయిన వాసన. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. గడ్డ పగలగొడితే లోపల పచ్చటి బూజు. సప్లయరుకు ఫోన్ చేస్తే, "రెండు ఎండలు తగిలించి కొంచెం కొంచెంగా కలిపెయ్యండి, పందులే కదా" అన్నాడు. పందులే కదా అంట! ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటే అది ఎండకు పోదు, ఉడకబెట్టినా పోదు. లివరు దెబ్బతిని మేత మానేస్తాయి, ఎదుగుదల ఆగిపోతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లోడు తిప్పి పంపితే అడ్వాన్సు గోవిందా. చెక్క బదులు మేపడానికి హోటళ్ల ఎంగిలి అడిగితే చాలు, ఊరికే ఇస్తారు. కానీ అందులో ఎక్కడిదో పంది మాంసం ముక్క ఉన్నా పందుల ప్రాణం తీసే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే అంటురోగం రావచ్చు. ఒక్కదానికి తగిలితే మంద మొత్తం పోయినట్టే. వేరుశనగ చెక్క చవగ్గా ఇస్తామన్నారు, దానికీ ఇదే బూజు బెడద. చివరికి లారీ కిరాయి కూడా నేనే పెట్టుకుని లోడు తిప్పి పంపించా. ఇక ఆ సప్లయరు ఊరికే ఇచ్చినా తీసుకోను.

మంచి చెక్క దొరికేదాకా సోయా పెంచి నడుపుతున్నా, రేటు పెరిగింది అందుకే. దాణా ఒక్కసారిగా మారేసరికి మేత తగ్గించాయి, బరువు ఆలస్యమవుతోంది. 80 కిలోలు దాటనిదాన్ని మాత్రం కోయను, ఎంత గిరాకీ ఉన్నా సరే.

ఇంకో మాట. కొబ్బరి తిన్న పంది మాంసం కొబ్బరి వాసన కొడుతుందని ఎవరో ప్రచారం చేస్తున్నారట. కొబ్బరి చెక్క తిన్నదాని కొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటుంది, అంతే. ఇన్నేళ్లుగా వేపుడు చేసుకుంటున్నారు, వాసన వచ్చిందేమో మీరే చెప్పాలి.

రెండు కిలోల పైన కావలసినవాళ్లు శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి. చెప్పకుండా ఆదివారం పొద్దున వచ్చి నా మీద అరిస్తే మాంసం ఎక్కణ్ణుంచి తేను?