గట్టు మీద ఏం కట్టినా గోదావరి కనబడనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది రాజమహేంద్రవరం. ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఆయిల్ రంగులతో బొమ్మలు వేస్తాను, అందులో సగానికి పైగా గోదావరి బొమ్మలే. 2027 పుష్కరాల పేరుతో మా ఊళ్లో ఘాట్లు, రోడ్లు, లైట్లు అన్నీ కొత్తగా తయారవుతాయి. మంచిదే. ఆ పనులు చేయించేవాళ్లకి మీ పత్రిక ద్వారా ఒక్క మనవి. గట్టు రోడ్డు మీద నడిచే మనిషికి ఏరు కనబడాలి. దానికి అడ్డంగా గోడ గానీ, హోర్డింగు గానీ, ఫ్లెక్సీ గానీ పెట్టకండి.

పోయిన చలికాలంలో హేవలాక్ వంతెన, అంటే మా ఊరి పాత రైలు వంతెన, బొమ్మ ఒకటి మొదలుపెట్టాను. మా ఊరు ఏటికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పొద్దుటి ఎండ మన వీపు వెనక నుంచి వెళ్లి వంతెన మీద పడుతుంది. ఎండ పడకముందు ఆ ఇనుమంతా నల్లటి గీతలా ఉంటుంది. పడగానే తుప్పు రంగు బయటికొస్తుంది. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగులో కాస్త ఎల్లో ఓకర్ అనే పసుపుమట్టి రంగు కలిపితే ఎండ వైపు రంగు కుదురుతుంది. నీడ వైపుకి అదే సియెన్నాలో కొంచెం అల్ట్రామెరీన్ నీలం కలపాలి. కింద రాతి స్తంభాల మీద వరద ఎంతెత్తుకి వచ్చి పోయిందో చెప్పే మరకలు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి. ఆ మరకల రంగు నాకు ఇప్పటికీ సరిగ్గా దొరకలేదు. అవతలి ఒడ్డున కొవ్వూరు వైపు మంచు ఇంకా విడదు. ఆ వెలుగు ఇరవై నిమిషాలు కూడా ఉండదు. అందుకే రోజూ అదే వేళకి, అదే మెట్టు మీద కూర్చోవాలి.

ఆయిల్ రంగు తొందరగా ఆరదు. మొదటి పూత వేసి, నాలుగైదు రోజులు ఆరబెట్టి, మళ్లీ అదే చోటికి వెళ్లాను. నేను కూర్చునే మెట్టు ముందు పెద్ద ఫ్లెక్సీ. ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు. వంతెన సగం దాని వెనక ఉండిపోయింది. పది రోజులు చూశాను. ఆ ఫ్లెక్సీ తీశారు గానీ కర్రలు తీయలేదు, వాటికే ఇంకో ఫ్లెక్సీ కట్టారు. ఈలోగా మంచు రోజులు అయిపోయాయి, ఎండ పడే కోణం మారిపోయింది. ఆ కాన్వాసు మా ఇంట్లో గోడకి ఆనించి అలాగే ఉంది.

నా బొమ్మ సంగతి వదిలేయండి, మళ్లీ చలికాలం వస్తుంది. నా బెంగంతా పిల్లల గురించి. బడిలో ఏ పిల్లవాడికైనా కాగితమిచ్చి ‘సీనరీ వెయ్యరా’ అంటే ఏం వేస్తాడో మీకూ తెలుసు. రెండు ముక్కోణాల కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఇల్లు, పక్కన కొబ్బరి చెట్టు, కింద వంకర టింకర ఏరు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లలు కూడా అదే వేస్తారు. ఒకసారి మా ఎనిమిదో తరగతి వాళ్లని ఘాటుకి తీసుకెళ్లి, కనబడింది మాత్రమే వేయమన్నాను. ఒకమ్మాయి బొమ్మ మొదలుపెట్టకుండా హేవలాక్ వంతెన ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు, లెక్కపెడుతూ కూర్చుంది. యాభై దాటాక లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. అవి 56. నేను చెప్పలేదు, తనే తేల్చుకుంది. ఆ రోజు ఆ అమ్మాయి వేసిన వంతెన వంకరగానే వచ్చింది గానీ అది మా ఊరి వంతెన. ఆ తరవాత ఆ పిల్ల ముక్కోణం కొండలు వేయడం నేను చూడలేదు.

కళ్లెదుట కనబడింది వేసే అలవాటు ఈ ఊరికి నేర్పినవాళ్లు ఉన్నారు. నూరేళ్ల కిందట ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే తనే గోదావరిని రంగుల్లో వేసేవాడు, కుర్రాళ్ల చేతా వేయించేవాడు. ఆయన చేరదీసినవాళ్లలో దామెర్ల రామారావు ఒకరు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకుని కూడా రామారావు తిరిగి ఈ ఊరికే వచ్చి చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి సోకి పోయేనాటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు. ఆయన పేరున్న గ్యాలరీ మా ఊళ్లోనే ఉంది. అందులో ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ అనే ఆయన బొమ్మల ముందు నిలబడినప్పుడల్లా ఆయన ఆడవాళ్ల చీరల్లో వేసిన మట్టి రంగుల్ని చూస్తాను. ఆ ఎరుపు, ఆ పసుపు నాకు వరద నీళ్లలోనూ, వేసవిలో తేలే ఇసుక తిన్నెల మీదా కనిపిస్తాయి. ఇది నా ఊహే కావచ్చు. కానీ ఆ గ్యాలరీ చూసి గట్టు మీదికొచ్చే పిల్లలకి ఆ పోలిక వెతుక్కునే అవకాశమైనా ఉండాలి కదా.

భద్రత విషయంలో నాకు రెండో మాట లేదు. 2015 పుష్కరాల తొలిరోజు తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ పొద్దున నేను ఊళ్లోనే ఉన్నాను. బారికేడ్లు ఎన్ని కావాలంటే అన్ని పెట్టండి, జనం తిరిగిపోయాక మాత్రం తీసేయండి. రెయిలింగు కావాలంటే గోడ కట్టకుండా ఇనుప చువ్వలు పెట్టండి, కూర్చున్నవాళ్లకీ చిన్నపిల్లలకీ సందుల్లోంచి నీళ్లు కనిపిస్తాయి. స్వాగత బ్యానర్లు కట్టుకునేవాళ్లకి రోడ్డుకి ఊరి వైపున చోటు చూపించండి. హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది. దానికి ఏ మరమ్మతు చేసినా సంతోషమే, రంగు రంగుల లైట్ల పట్టీలు మాత్రం చుట్టకండి. సాయంత్రం కొవ్వూరు వెనక పొద్దు వాలేటప్పుడు ఆ నల్లటి కమ్మీల మధ్య నుంచి వచ్చే వెలుగుకి ఏ లైటూ సరిపోదు.

ఈ పనుల ప్లాను గీసే ఇంజినీర్లు ఎవరైనా సరే, ఒక్క రోజు పొద్దున ఆరింటికి ఘాటు మెట్ల దగ్గరికి రావాలని కోరుతున్నాను. ఏ మెట్టు మీద కూర్చుంటే ఏం కనబడుతుందో నేనే దగ్గరుండి చూపిస్తాను. అరగంట చాలు. ఎండ ఎక్కకముందే రావాలి, అంతే.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు,
రాజమహేంద్రవరం