ఎక్స్‌టెన్షన్ చూసి నమ్మకు

రఘూ,

పాత ఫైళ్లన్నీ కొత్త డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లోకి ఎక్కించే పని నీ నెత్తిన పడిందని రాశావు. సర్వర్‌లో ఉన్నదంతా ఒక్కసారే ఇంపోర్ట్‌కి పెట్టేస్తానన్నావే, ఆ పని మాత్రం చెయ్యకురా. ముందు అందులో ఏమేం ఉన్నాయో చూసుకో.

పేరు చివర పీడీఎఫ్ అని ఉన్నంత మాత్రాన అది పీడీఎఫ్ అయిపోదు. ఎక్స్‌టెన్షన్ ఎవరైనా మార్చెయ్యొచ్చు. అసలు సంగతి ఫైలు మొదటి బైట్లలో ఉంటుంది. జిప్ ఫైలు ‘పీకే’ అన్న రెండక్షరాలతో మొదలవుతుంది. వర్డ్ .docx ఫైలు కూడా లోపల జిప్పే, అదీ పీకేతోనే మొదలవుతుంది. కాబట్టి పైపైన చూస్తే చాలదు, లోపలికి తొంగిచూసే టూల్ కావాలి. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల డ్రాయిడ్ ఉచితంగానే దొరుకుతుంది. ఫోల్డర్ చూపించావంటే ఏ ఫైలు ఏ ఫార్మాటో, ఏ వెర్షనో జాబితా ఇస్తుంది. ఎక్స్‌టెన్షన్ పొసగని వాటిని గుర్తుపెట్టి మరీ చూపిస్తుంది.

నాకు అన్నిటికన్నా టెన్షన్ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లతోనే. ఇంపోర్ట్ చక్కగా అయిపోతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు. ఆర్నెల్ల తర్వాత ఎవరో ఒక పేరు వెతుకుతారు, దొరకదు. ఎందుకంటే లోపలున్నది అక్షరాలు కాదు, బొమ్మ. మౌస్‌తో ఒక లైను సెలెక్ట్ చేసి చూడు, అవ్వకపోతే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చే పని, చేయించాల్సిందే. పాస్‌వర్డ్ ఉన్నవి ముందే పక్కన పెట్టు.

ఏ రికార్డుకి ఏ ఫైలో చెప్పే వివరాల పట్టిక ఉంటుందే, ఆ సీఎస్‌వీ ఫైల్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిచి సేవ్ చేశావో, 00457 అన్న నంబరు 457 అయి కూర్చుంటుంది. ఇక ఆ రికార్డుకీ ఫైలుకీ లంకె తెగినట్టే. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టు, తెలుగు అక్షరాలు కూడా పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చెయ్యి, లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

అన్నీ పీడీఎఫ్/ఏ, అంటే ఏళ్ల తరబడి దాచుకోడానికి చేసిన పీడీఎఫ్ రకం, చేసేద్దామా అని అడిగావు. ఉత్తరాలకీ రిపోర్టులకీ భేషుగ్గా ఉంటుంది. అది 2005 నుంచీ ఐఎస్ఓ ప్రమాణం, ఫాంట్లు కూడా ఫైల్లోనే పొదిగి ఉంటాయి. ఎక్సెల్ షీట్లని మాత్రం అలా మార్చి ఊరుకోకు, ఫార్ములాలు పోతాయి. దేన్ని మార్చినా అసలు ఫైల్ని పారెయ్యకు, రెండూ దాచు.

ట్రయల్‌కి శుభ్రమైన ఫైళ్లు ఎంచుకోకురా. బాగా పాతవి, పెద్దవి, పేర్లలో వింత గుర్తులున్నవి, అటాచ్‌మెంట్లున్న ఈమెయిళ్లు, ఇలాంటి మొండివాటితోనే మొదలెట్టు.

డ్రాయిడ్ జాబితా రాగానే నాకు పంపు. ఆదివారం నేను ఖాళీయే, ఫోన్లో కూర్చుని ఇద్దరం వరసగా చూసేద్దాం.

నీ
శీను