ఈ-బుక్ దాటలేని సరిహద్దు

సంపాదకులకు నమస్కారం.

లైబ్రరీలు డిజిటల్ అవుతున్నాయి కాబట్టి ఇక ఏ దేశంలో ఉన్న పుస్తకమైనా ఏ దేశంలోని పరిశోధకుడికైనా ఇట్టే అందుతుందని మీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఆ వ్యాసం చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు ఊరుకోలేదు. ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఇంటర్ లైబ్రరీ లోన్ సెక్షన్‌లో 26 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నేను చూసింది ఇందుకు పూర్తిగా వేరు. కాగితం పుస్తకం సులువుగా దాటిన సరిహద్దుని ఈ-బుక్ దాటలేకపోతోంది.

మన దగ్గర లేని పుస్తకాన్నో వ్యాసాన్నో పాఠకుడు అడిగితే, అది ఏ లైబ్రరీలో ఉందో వెతికి, వాళ్లని అడిగి తెప్పించడమే మా సెక్షన్ పని. వెతకడమే సగం పని. ఒకే మనిషి పేరు ఒక్కో దేశపు కేటలాగ్‌లో ఒక్కోలా ఉంటుంది. రష్యన్ సంగీతకారుడు చైకోవ్‌స్కీ ఇంగ్లిష్ కేటలాగుల్లో 'టి' అక్షరం కింద ఉంటే, జర్మన్ లైబ్రరీల కేటలాగుల్లో 'సి' కింద ఉంటాడు. ఇలాంటి పేర్లన్నీ ఒకరివేనని కలిపి చూపించే వయాఫ్ అనే ఉమ్మడి పేర్ల పట్టికను అమెరికా, జర్మనీ, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయాలు ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సహకార సంస్థతో కలిసి తయారుచేశాయి. ఇప్పుడు ఇంకా చాలా దేశాలు అందులో ఉన్నాయి. బయటివాళ్లకి ఇది కనబడని పని. నాకు మాత్రం రోజుకి గంట మిగిల్చిన పని.

ఒక్క సంఘటన చెబుతాను. వాతావరణ పరిశీలనల చరిత్ర మీద పనిచేస్తున్న ఒక విద్యార్థిని 1880ల నాటి ఒక జర్నల్‌లోని వ్యాసం కావాలంది. వేరే దేశంలోని లైబ్రరీకి రాశాం. ఐదు వారాలకి కవర్ వచ్చింది. పద్దెనిమిది పేజీల జిరాక్స్, పైన పెన్సిల్‌తో రాసిన చిన్న చీటీ. "మా ప్రతిలో తొమ్మిదో పేజీ చిరిగిపోయింది. ఈ సంపుటం ఉన్న మరో లైబ్రరీకి రాశాను, ఆ పేజీ వాళ్లే మీకు నేరుగా పంపుతారు" అని ఉంది అందులో. ఇంకో పది రోజులకి మూడో దేశం నుంచి ఆ ఒక్క పేజీ వచ్చింది. పంపిన ఇద్దరిలో ఎవరూ నాకు తెలియదు. చిరిగిన పేజీ సంగతి చూడమని వాళ్లని ఎవరూ అడగలేదు. దేశాల మధ్య లైబ్రరీల సహకారం అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఆ పేజీయే గుర్తుకొస్తుంది.

డబ్బు చెల్లింపు కూడా ఒకప్పుడు పెద్ద తలనొప్పి. జిరాక్స్ ఖర్చు కంటే విదేశీ చెల్లింపుకి బ్యాంకు తీసుకునే చార్జీ ఎక్కువయ్యేది. అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా 1995లో వోచర్లు తెచ్చాక ఆ టెన్షన్ తీరింది. కాపీ అడిగినప్పుడు డబ్బుకి బదులు ఒక ప్లాస్టిక్ వోచర్ పంపేవాళ్లం. అది అందుకున్న లైబ్రరీ దాన్ని దాచుకుని, తనకి అవసరమైనప్పుడు ఇంకో లైబ్రరీకి పంపేది. మా డ్రాయర్లో ఎప్పుడూ కొన్ని ఉండేవి. మేము పంపే కాపీలకి వచ్చినవే, మేము తెప్పించుకునే వాటికి సరిపోయేవి.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను రిటైరయ్యే ముందు ఒక విదేశీ లైబ్రరీ మమ్మల్ని ఒక పుస్తకంలో ఒకే ఒక్క అధ్యాయం అడిగింది, పద్నాలుగు పేజీలు. అంతకు మూడేళ్ల ముందే వచ్చిన పుస్తకం. మా దగ్గర ఈ-బుక్‌గా ఉంది. స్క్రీన్ మీద నా ఎదురుగానే తెరిచి ఉంది. ప్రచురణకర్తతో చేసుకున్న లైసెన్సు ఒప్పందం తీసి చదివితే, ఇంటర్ లైబ్రరీ లోన్ దేశం లోపల మాత్రమే అని ఉంది. పంపలేమని జవాబు రాశాను. "మీరు నాలుగోవారు, మిగతా ముగ్గురూ ఇదే చెప్పారు" అని అటునుంచి జవాబు వచ్చింది. ఆ రోజు నేను పడ్డ బాధ మాటల్లో చెప్పలేను. మేము కొన్న ఇంకో జర్నల్ లైసెన్సులోనైతే, వ్యాసాన్ని కాగితం మీద ప్రింట్ తీసి పోస్టులో పంపవచ్చు గానీ ఫైలుగా పంపకూడదని ఉండేది.

కాగితం పుస్తకం కొంటే అది లైబ్రరీ సొంతం. ఈ-బుక్‌కి చాలాసార్లు మనం కొనేది వాడుకునే అనుమతి మాత్రమే, ఆ అనుమతి ఒప్పందంలో రాసినంత వరకే. దానికి తోడు కాపీరైట్ చట్టాలు లైబ్రరీలకిచ్చే మినహాయింపులు ఏ దేశానివి ఆ దేశానివే. పక్క దేశంతో వ్యవహారం వచ్చేసరికి ఏది చెల్లుతుందో ఎవరూ ధైర్యంగా చెప్పలేరు. ఇంగ్లండ్‌లోని బోస్టన్ స్పాలో ఉన్న బ్రిటిష్ లైబ్రరీ కేంద్రం దశాబ్దాల పాటు ప్రపంచమంతటికీ వ్యాసాల కాపీలు పంపింది. 2012 నుంచి విదేశీ లైబ్రరీలకి పంపడానికి ప్రచురణకర్తల లైసెన్సు అవసరమయ్యే పద్ధతి వచ్చింది. అడిగితే అందేవి తగ్గిపోయి, 2016లో ఆ సేవే ఆగిపోయింది.

సినాయ్ రాతప్రతి సంగతి మీ వ్యాసంలోనూ ఉంది. నాలుగో శతాబ్దపు బైబిల్ ఆకులు నాలుగు చోట్ల చెదిరి ఉంటే, బ్రిటిష్ లైబ్రరీ, లైప్జిగ్ యూనివర్సిటీ లైబ్రరీ, రష్యా జాతీయ గ్రంథాలయం, ఈజిప్టులోని సినాయ్‌లో ఉన్న సెయింట్ కేథరీన్ మఠం కలిసి 2009లో ఆన్‌లైన్లో ఒకచోటికి చేర్చాయి. గొప్ప పని. అయితే 1,600 ఏళ్ల నాటి పుస్తకం అన్ని దేశాలూ తిరుగుతుంటే, మూడేళ్ల నాటి పుస్తకం కదలడం లేదు. పరిశోధకులకి ఎక్కువగా అవసరమయ్యేది ఈ రెండోదే.

కాపీలు ఇతర దేశాల్లో ఉండటం ఎంత ముఖ్యమో బోస్నియా రాజధాని సరయేవో చూపించింది. 1992లో యుద్ధంలో అక్కడి ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ మీద ఫిరంగి గుండ్లు కురిపిస్తే 5 వేలకు పైగా రాతప్రతులు కాలిపోయాయి. తర్వాత విదేశాల్లోని కొందరు పండితులు, లైబ్రేరియన్లు, అంతకు ముందు అక్కడ పనిచేసిన పరిశోధకులు తమ కోసం తీసుకెళ్లిన మైక్రోఫిల్ములు, జిరాక్సులు ఎక్కడెక్కడున్నాయో వెతికి పోగుచేయడం మొదలుపెట్టారు. ఎవరికీ కాపీ ఇవ్వకూడదన్న నియమం అప్పుడే ఉండి ఉంటే ఆ కొన్నీ కూడా దొరికేవి కాదు.

ప్రచురణకర్తల భయం నాకు తెలుసు. ఒక్క కాపీ కొని ప్రపంచమంతా పంచుకుంటారని. ఒక పరిశోధకుడికి ఒక అధ్యాయం, అదీ రెండు లైబ్రరీల రికార్డులో నమోదై వెళ్లేది, ఆ కోవలోకి రాదు. పైగా దారి లేకపోలేదు. అంధుల కోసం 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందం 2016లో అమల్లోకి వచ్చింది. ఒక దేశంలో తయారైన బ్రెయిలీ లేదా ఆడియో ప్రతిని ఒప్పందంలో చేరిన మరో దేశంలోని పాఠకుడికి చట్టబద్ధంగా పంపవచ్చు. అంతకు ముందు అదే పుస్తకాన్ని ప్రతి దేశంలోనూ మళ్లీ మళ్లీ తయారుచేసుకోవాల్సి వచ్చేది. అలాంటి ఏర్పాటే పరిశోధన లైబ్రరీలకీ కావాలని గ్రంథాలయ సంఘాలు ప్రపంచ మేధో సంపత్తి సంస్థలో ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. ప్రభుత్వాలు వాటికి మద్దతివ్వాలి.

పరిశోధన లైబ్రరీలకి అలాంటి ఒప్పందం వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేని పని ఒకటుంది. లైసెన్సుల బేరం సాధారణంగా కొనుగోళ్ల విభాగం చూస్తుంది. మా సెక్షన్‌ని ఎవరూ అడిగేవారు కాదు. సంతకం అయ్యాక, ఎవరో అధ్యాయం అడిగినప్పుడు ఆ షరతు మా కంట పడేది. ఈ ఏడాది రెన్యువల్‌కి కూర్చునే లైబ్రరీ అధికారులందరికీ నా మనవి ఒక్కటే. సంతకానికి ముందు ఆ లైసెన్సుని ఇంటర్ లైబ్రరీ లోన్ టేబుల్ దగ్గర ఉన్న మనిషికి ఒకసారి చూపించండి. 'దేశం లోపల మాత్రమే' అన్న మాట ఉంటే తీసేయమని అడగండి. నేను పనిచేసిన చోట ఒకే ఒక్కసారి అడిగాం, ఆ ప్రచురణకర్త మారుమాట లేకుండా తీసేశారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైబ్రేరియన్